యాంటీరియర్ ఎంఐలో (గుండె ముందు గోడకు వచ్చిన గుండెపోటు) కొత్తగా ఆర్‌బీబీబీ (రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్) వచ్చింది, అట్రోపిన్ (గుండె వేగం పెంచే మందు) చాలా?

ప్రశ్న – ఐసీయూ నైట్ డ్యూటీ
యాంటీరియర్ వాల్ ఎంఐ పేషెంట్. వచ్చినప్పటి ఈసీజీలో క్యూఆర్‌ఎస్ (జఠరికల స్పందన చూపే గీత) సన్నగానే ఉంది. రెండు గంటల తర్వాత తీస్తే ఆర్‌బీబీబీ, లెఫ్ట్ యాక్సిస్ (విద్యుత్ దిశ ఎడమకు తిరగడం), పీఆర్ (పై గదుల నుంచి కింది గదులకు సంకేతం చేరే సమయం) సాగి 240 మిల్లీసెకన్లు. పల్స్ 88, బీపీ 110/70, బాగానే మాట్లాడుతున్నారు. ఇన్‌ఫీరియర్ ఎంఐలో (గుండె కింది గోడ) కంప్లీట్ బ్లాక్ (పై సంకేతం కిందికి అసలు చేరకపోవడం) వచ్చినవాళ్లే చాలామంది కొద్ది రోజుల్లో తేరుకుంటారు కదా. అట్రోపిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు 1 – కార్డియాలజీ
సరిపోదండీ. రెండింటినీ బ్లాక్ అనే అంటాం గానీ దెబ్బ తగిలిన చోటు వేరు. ఏవీ నోడ్‌కు (పై గదుల సంకేతాన్ని కిందికి పంపే కేంద్రం) నూటికి 85–90 మందిలో రక్తం కుడి కరోనరీ నుంచి అందుతుంది. ఇన్‌ఫీరియర్ ఎంఐలో ఆ నోడ్ మందగిస్తుందే తప్ప సాధారణంగా చచ్చిపోదు. కింద నుంచి నిమిషానికి 40–60 రేటుతో సన్నటి క్యూఆర్‌ఎస్ ఆదుకుంటుంది, అట్రోపిన్‌కు తరచూ లొంగుతుంది.

మీ పేషెంట్‌కు దెబ్బ ఎల్‌ఏడీ (గుండె ముందు భాగపు ధమని) సెప్టల్ కొమ్మల దగ్గర, అంటే జఠరికల మధ్య గోడకు (సెప్టమ్) రక్తమిచ్చే చోట. కిందికి సంకేతం తీసుకెళ్లే మూడు దారుల్లో రైట్ బండిల్, లెఫ్ట్ యాంటీరియర్ ఫాసికిల్ రెండూ పోయాయి, మిగిలింది పోస్టీరియర్ ఒక్కటే. పీఆర్ కూడా సాగిందంటే అదీ నీరసిస్తోందేమోనని అనుమానించాలి. అది కూడా ఆగితే వెడల్పు క్యూఆర్‌ఎస్‌తో రేటు 20–40, ఒక్కోసారి అదీ ఉండదు. అట్రోపిన్ పైన సైనస్‌ను (గుండె లయ మొదలయ్యే కేంద్రం) పరిగెత్తిస్తుంది, కింద దారి మాత్రం తెరుచుకోదు; బ్లాక్ ఇంకా ముదరొచ్చు.

ఇంకో మాట: ఇంత సెప్టమ్ దెబ్బతింటేనే ఈ బ్లాక్ వస్తుంది. పేసింగ్ (బయటి కరెంట్‌తో గుండెను కొట్టించడం) రేటును కాపాడుతుంది గానీ పంప్ ఫెయిల్యూర్‌ను ఆపదు. అందుకే ముందు రక్తనాళం తెరవాలి, క్యాథ్‌ల్యాబ్‌కు (యాంజియోప్లాస్టీ చేసే గది) ఇప్పుడే ఫోన్ చేయండి.

జవాబు 2 – ఎమర్జెన్సీ
పేసింగ్ ప్యాడ్లు ఇప్పుడే ఛాతీకి ముందొకటి, వీపుకొకటి అంటించండి. అవసరమైతే రేటు 70 పెట్టి, ప్రతి స్పైక్ (ఈసీజీలో పేసింగ్ గీత) వెనక వెడల్పు క్యూఆర్‌ఎస్, టీ వేవ్ కనిపించేదాకా కరెంట్ పెంచండి. పల్స్ తొడ దగ్గర చూడండి, మెడ దగ్గర కండరాల అదురు మోసం చేస్తుంది. మెలకువగా ఉంటే నొప్పికి, మత్తుకు మందు తప్పనిసరి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఆపండి. లైటిక్ (గడ్డ కరిగించే మందు) ఇచ్చి ఉంటే పేసింగ్ వైర్ కోసం సబ్‌క్లేవియన్ (కాలర్ ఎముక కింది సిర) జోలికి వెళ్లొద్దు, రక్తస్రావమైతే అక్కడ నొక్కి ఆపలేం. కొత్తగా మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినిపించి బీపీ పడితే వెంటనే ఎకో. సెప్టమ్ చిరిగిందేమో చూడాలి.

ప్రశ్న వేసినవారు
ప్యాడ్లు అంటించాం సార్. మరి ఇన్‌ఫీరియర్‌లో బ్లాక్‌తో పాటు బీపీ పడితే?

జవాబు 1 – కార్డియాలజీ
వీ4ఆర్ (ఛాతీ కుడివైపు పెట్టే ఈసీజీ లీడ్) తీయండి. అక్కడ ఎస్‌టీ (క్యూఆర్‌ఎస్ తర్వాతి భాగం) లేచి ఉంటే కుడి జఠరికకూ దెబ్బే. నైట్రేట్ (రక్తనాళాలను వెడల్పు చేసే మందు) వద్దు. ఊపిరితిత్తులు విని, శుభ్రంగా ఉంటే సెలైన్ 250 ఎంఎల్ ఎక్కించి మళ్లీ వినండి. అట్రోపిన్ 1 ఎంజీ, 3–5 నిమిషాలకోసారి, మొత్తం 3 ఎంజీ దాటకుండా. పర్మనెంట్ పేస్‌మేకర్‌కు తొందరపడొద్దు, కనీసం 5 రోజులు చూశాకే ఆ నిర్ణయం.