అప్‌డేట్: పాపకు లివర్ నేనే ఇచ్చాను

మా పాపకు బిలియరీ అట్రీసియా (లివర్ నుంచి పైత్యరసం పేగులోకి వెళ్లే నాళాలు మూసుకుపోయే జబ్బు), ఆ రసానికి కొత్త దారి చేసే కసాయి (Kasai) ఆపరేషన్ పనిచేయలేదు, తల్లిగా నేను లివర్ ఇవ్వొచ్చా అని హన్మకొండ నుంచి అడిగాను కదా. ఇచ్చాను. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి 40 రోజులు.

నా లివర్‌లో ఎడమ పక్క చిన్న ముక్క, దాదాపు ఐదో వంతు, తీసి పెట్టారు. నాది మళ్లీ పెరుగుతుందట. తుమ్మితే మాత్రం కుట్లు ఇంకా లాగుతున్నాయి.

కసాయి ఆపరేషన్ పుట్టిన 60 రోజుల్లోపు చేస్తే మేలట. పసిరికలే, పసరు పోస్తే పోతాయని మేం మూడు నెలలు తిరిగాం, సున్నంలాంటి తెల్లటి మలం చూసి కూడా! ఆ కోపం నా మీద నాకే.

కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు టాక్రోలిమస్ పొద్దున, రాత్రి గడియారం చూసి వేస్తున్నాం. టెన్షన్ పోలేదు. ఆపరేషన్ తర్వాత పాప మొదటిసారి పచ్చగా వెళ్తే, అత్తమ్మ ఆ డైపర్ ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది.