డ్రైవ్-బై ట్రక్కర్స్ ఎక్కడ మొదలెట్టాలి? పెద్ద లేబుల్ లేకుండా ఇన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చారు?

రాత్రిరేడియో:
అమెరికన్ సింగర్ జేసన్ ఇస్బెల్ పాటలు ఈమధ్య తెగ వింటున్నా. సోలోకి ముందు ఆయన డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే బాండ్‌లో ఉండేవాడట కదా, సరే విందామని చూస్తే బోలెడన్ని ఆల్బమ్స్, మనుషులు వస్తూ పోతూ ఉన్నారు, లేబుల్స్ మారాయి, ఒకళ్ళు సదరన్ రాక్ అంటారు, ఇంకొకళ్ళు ఆల్ట్ కంట్రీ అంటారు, మరొకళ్ళు అమెరికానా అంటారు. అసలు వీళ్ళు ఎలా మొదలయ్యారు, పెద్ద కంపెనీ అండ లేకుండా ఇన్నేళ్ళు ఎలా బతికారు, ఎవరైనా కాస్త ఓపిగ్గా చెప్తారా? వికీ పేజీ పేస్ట్ చేయొద్దు ప్లీజ్, అది చదివేశా.

పాతరికార్డు:
ఓపిగ్గా అన్నారు కాబట్టి పొడుగ్గానే రాస్తున్నా. బాండ్ పుట్టింది 1996లో, జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లో, కానీ కథ మొదలైంది అంతకు పదేళ్ళ ముందు. ప్యాటర్సన్ హుడ్, మైక్ కూలీ ఇద్దరూ అలబామాలో మజిల్ షోల్స్ చుట్టుపక్కల వాళ్ళు. 1985లో ఆడమ్స్ హౌస్ క్యాట్ అని బాండ్ పెట్టారు, ఆల్బమ్ కూడా రికార్డ్ చేశారు, దాన్ని బయటికి తెచ్చే దిక్కు లేక 1991కల్లా ఎవరి దారి వాళ్ళదైంది. ఆ రికార్డింగ్ చివరికి 2018లో విడుదలైంది, పాతికేళ్ళు దాటాక!

ఇంకో తమాషా ఏంటంటే ప్యాటర్సన్ వాళ్ళ నాన్న డేవిడ్ హుడ్ మామూలోడు కాదు, మజిల్ షోల్స్ రిథమ్ సెక్షన్ అనే స్టూడియో టీమ్‌లో బేస్ గిటార్ వాయించిన మనిషి, స్టేపుల్ సింగర్స్ అనే గ్రూప్ హిట్లలో వినిపించే ఆ బేస్ ఆయనదే. ఆ టీమ్‌కే స్వాంపర్స్ అని ముద్దుపేరు, లినర్డ్ స్కినర్డ్ అనే సదరన్ రాక్ బాండ్ వాళ్ళ స్వీట్ హోమ్ అలబామా పాటలో ఆ పేరు వస్తుంది చూడండి, వీళ్ళే. కొడుకేమో పోయి పోయి అదే స్కినర్డ్ మీద డబుల్ ఆల్బమ్ తీశాడు. అంత పేరున్న ఇంట్లో పుట్టినా ప్యాటర్సన్ మాత్రం వ్యాన్‌లో ఊరూరా తిరిగి బార్లలో వాయించుకుంటూనే పైకొచ్చాడు.

1998లో గ్యాంగ్‌స్టాబిల్లీ, 1999లో పిజ్జా డెలివరెన్స్ వచ్చాయి, పేర్లలోనే ఎకసెక్కం కనిపిస్తుంది. అసలు మలుపు సదరన్ రాక్ ఒపేరా, పైన చెప్పిన డబుల్ ఆల్బమ్ ఇదే. అడ్వాన్స్ ఇచ్చే లేబుల్ లేదు, అందుకని ఫ్యాన్స్ దగ్గర, ఫ్రెండ్స్ దగ్గర, చుట్టాల దగ్గర ప్రామిసరీ నోట్లు రాసిచ్చి డబ్బు తెచ్చారు. విరాళం కాదండోయ్, వడ్డీతో తీర్చాల్సిన అప్పు. క్రౌడ్ ఫండింగ్ అనే మాట జనం నోట్లో ఇంకా నానని రోజులు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో యూనిఫారాలు అమ్మే షాపు పై అంతస్తులో మండే ఎండల్లో రికార్డ్ చేశారు. విడుదల 2001 సెప్టెంబర్ 12న, అంటే ట్విన్ టవర్స్ కూలిన మర్నాడు. ఇంతకంటే పాడు ముహూర్తం ఉంటుందా? అయినా నిలబడింది, మరుసటేడు లాస్ట్ హైవే లేబుల్ తీసుకుని మళ్ళీ విడుదల చేసింది.

పైకి చూస్తే అది ఒక కల్పిత బాండ్ కథ, 1977లో స్కినర్డ్ విమానం మిసిసిపీలో కూలిపోయిన సంగతి దాని వెనక ఉంటుంది. కానీ లోపల ఉన్నది అలబామాలో పెరిగిన కుర్రాళ్ళ గొడవ. నల్లవాళ్ళని వేరుగా ఉంచాలన్న గవర్నర్ జార్జ్ వాలెస్ రాజకీయం చూసి సిగ్గు, తమ ఊళ్ళన్నా తమ పాటలన్నా ప్రాణం, రెండూ ఒకే గుండెలో. ఆ సిగ్గునీ ప్రేమనీ విడదీయకుండా పాడారు కాబట్టే అది ఇప్పటికీ పాతబడలేదు అని నా లెక్క.

బేస్‌లైన్:
అంతా బాగుంది గానీ వీళ్ళని ఇండిపెండెంట్ అనడం కొంచెం ఎక్కువేమో బ్రో. లాస్ట్ హైవే అంటే యూనివర్సల్ అనే పెద్ద కంపెనీ వాళ్ళది కదా.

పాతరికార్డు:
నిజమే, కానీ ఆ కాపురం ఎన్నాళ్ళుందని? తర్వాతి ఆల్బమ్ డెకరేషన్ డే టైముకే తెగదెంపులు అయిపోయాయి, 2003లో దాన్ని న్యూ వెస్ట్ వాళ్ళు వేశారు. 2010 నుంచి ఏటీఓ, అది సింగర్ డేవ్ మాథ్యూస్ వాళ్ళు పెట్టిన లేబుల్. రెండూ ఇండీలే, అంటే పెద్ద కంపెనీల కింద లేనివే. అయినా వీళ్ళ తిండి లేబుల్ పెట్టింది కాదు, రోడ్డు పెట్టింది. రేడియో హిట్ అంటూ ఒక్కటీ లేదు, ఏడాదిలో సగం టూరే. ఏథెన్స్‌లో 40 వాట్ క్లబ్‌లో ఏటా హోమ్‌కమింగ్ షోలు చేస్తారు, దానికోసం వేరే రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. అలాంటి ఫ్యాన్స్ ఉంటే లేబుల్ ఏదైతే ఏంటి?

స్టీల్‌గిటార్:
ఇస్బెల్ గురించి ఎవరూ చెప్పలేదేంటి, అడిగిందే ఆయన వల్ల. 2001లో మూడో గిటారిస్ట్ వెళ్ళిపోతే ఆ ఖాళీలోకి వచ్చాడు, అప్పటికి 22 ఏళ్ళు. చేరిన కొద్దిరోజులకే డెకరేషన్ డే పాట రాశాడు, రెండు కుటుంబాల పగ కథ, చివరికి ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టారు. కొత్తగా వచ్చిన కుర్రాడి పాటని టైటిల్ చేయడానికి పాతవాళ్ళకి ఎంత ధైర్యం ఉండాలి! 2004లో ద డర్టీ సౌత్ వచ్చేసరికి హుడ్, కూలీ, ఇస్బెల్ ముగ్గురు రైటర్లూ ఒకళ్ళని మించి ఒకళ్ళు రాస్తున్నారు. 2007లో బయటికొచ్చేశాడు. తాగుడు మానేశాక 2013లో సొంత లేబుల్ మీద సౌత్‌ఈస్టర్న్ వేశాడు, 2016లో గ్రామీలు, మిగతాది మీకు తెలిసిందే.

ఇస్బెల్ వెళ్ళిపోయాక బాండ్ పని అయిపోయింది అనేవాళ్ళ మాట మాత్రం వినకండి. 2008లో వచ్చిన బ్రైటర్ దాన్ క్రియేషన్స్ డార్క్ ఒక్కటి చాలు వాళ్ళ నోరు మూయించడానికి.

రాత్రిరేడియో:
అబ్బా, ఇదే కావాల్సింది, థాంక్స్ అందరికీ. సరే ఇప్పుడు ఏది ముందు వినాలి? సదరన్ రాక్ ఒపేరాయేనా?

స్టీల్‌గిటార్:
వద్దు. మీరు ఇస్బెల్ దారిలో వస్తున్నారు కాబట్టి డర్టీ సౌత్ పెట్టండి. ఒపేరా గంటన్నర ఉంటుంది, మూడు గిటార్ల మోత, స్కినర్డ్ కథ తెలీకుండా వింటే సగం తలకెక్కదు.

పాతరికార్డు:
నేనొప్పుకోను. స్కినర్డ్ కథ పైన చెప్పేశా కదా, ఇంకేం కావాలి! కాకపోతే ఇయర్‌ఫోన్స్‌లో పని చేసుకుంటూ వినే ఆల్బమ్ కాదది, తీరిగ్గా లిరిక్స్ ముందు పెట్టుకుని వినాలి. కవర్ మీద బొమ్మలు కూడా చూడండి, వెస్ ఫ్రీడ్ గీసినవి, 2022లో పోయాడు పాపం, ఆయన బొమ్మలు లేకుండా ఈ బాండ్‌ని ఊహించలేం.

రాత్రిరేడియో:
మీరిద్దరూ తేల్చుకునేలోపు డర్టీ సౌత్ సగం అయిపోయింది 😄 ఒక డౌట్, కూలీ పాటలు తక్కువగా ఉంటాయెందుకు? నాకు ఆయన గొంతే బాగా పట్టేసింది.

బేస్‌లైన్:
హుడ్ ఆపకుండా రాస్తాడు, కూలీ నిదానం, వచ్చినప్పుడే వస్తుంది. 2020లో వచ్చిన ది అన్‌రావెలింగ్‌లో ఆయనవి రెండే. కూలీ ఎక్కువ కావాలంటే 2016 నాటి అమెరికన్ బాండ్ అనే ఆల్బమ్ పట్టుకోండి, దాదాపు సగం ఆయనవే, మొదటి పాటే ఆయనది. ఫుల్ రాజకీయం ఉంటుంది మరి, ముందే చెప్తున్నా.