గోరుచుట్టు మళ్లీ మళ్లీ వస్తోంది, మీరేం చేశారు?

కర్రీపాయింట్_అక్క:
ఇంటి దగ్గరే కర్రీ పాయింట్ నడుపుతున్నాను. తెల్లవారుజామున మొదలుపెడితే కూరగాయలు కడగడం, గిన్నెలు తోమడం, చేతులు ఎప్పుడూ నీళ్లలోనే. మూడు నెలలుగా కుడి చూపుడువేలికి గోరుచుట్టు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వాస్తోంది. గోరు మొదట్లో చర్మం విడిపోయి చిన్న సందు పడింది, గోటి మీద అడ్డంగా గీతలు వచ్చాయి. నిమ్మకాయకు చిల్లు పెట్టి, పసుపు వేసి వేలికి తొడిగాను. మూడో రోజుకి చుట్టూ ఒకటే మంట. ఎవరికైనా పూర్తిగా తగ్గిందా?

తెనాలి_కోడలు:
అక్కా, నిమ్మకాయ తీసేయండి. పగిలిన చర్మం మీద ఆ పులుపు ఇంకా మండిస్తుంది. నాకూ అచ్చం ఇలాగే అయింది. గోరు మొదట్లో సన్నటి పొర ఉంటుంది కదా, అదే లోపలికి తడి పోకుండా కాపాడేది. సబ్బు నీళ్లలో నాని అది ఊడిపోతే ఆ సందులో తడి నిలిచిపోతుంది. ఆరు వారాలు దాటిన గోరుచుట్టుకి చాలావరకు ఇదే కారణమని చర్మ డాక్టరు గారు చెప్పారు. పూతమందు రాశారు కానీ, నన్ను నిజంగా గట్టెక్కించింది వేళ్లు పొడిగా ఉంచుకోవడమే. లోపల పల్చటి నూలు గ్లౌజులు, పైన రబ్బరువి. ఒట్టి రబ్బరువి వేసుకుంటే చెమటకే నానిపోతాయి. పనయ్యాక పాత పంచె ముక్కతో ఒక్కో గోరు మొదలూ అద్ది, తడి ఆరాక వాజలిన్ రాసేదాన్ని. పార్లర్‌లో ఆ పొరను కత్తిరించనివ్వకండి.
ఒకవేళ చీము పట్టి సలుపుతుంటే మాత్రం ఇంట్లో సూదితో పొడవకండి, డాక్టరుకే చూపించండి.

గోదారి_రైతుబిడ్డ:
మా అమ్మ నాట్లకు వెళ్తుంది, రోజంతా బురదలోనే కాళ్లు. బొటనవేలి గోరు పసుపు పచ్చగా దళసరి అయిపోయి, కింద నుంచి పొడి రాలేది. మందుల షాపులో అడిగి ఏడాది పాటు ఏదో పూత రాశాం. అనవసరంగా కాలం పోగొట్టాం.

ల్యాబ్_తమ్ముడు:
అన్నా, అది ఫంగసో కాదో ముందు పరీక్ష చేయించండి. గోరు ముక్క, కింద రాలే పొడి తీసుకుని, పొటాషియం హైడ్రాక్సైడ్‌ వేసి మైక్రోస్కోపులో చూస్తాం. సోరియాసిస్‌లో కూడా గోరు ఇలాగే దళసరి అవుతుంది, కంటితో చూసి ఫంగస్ అనుకోకూడదు. ఫంగసే అయితే డాక్టర్లు ఎక్కువగా టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్రలు ఇస్తారు, మామూలుగా చేతి గోళ్లకు 6 వారాలు, కాలి గోళ్లకు 12. చాలామంది ముందే లివర్ పరీక్ష చేయిస్తారు, సొంతంగా కొని వేసుకోవద్దు. కోర్సు అయిపోగానే గోరు బాగుపడలేదని టెన్షన్ పడకండి. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు అందులో సగమే. బొటనవేలి గోరు మొత్తం కొత్తది రావాలంటే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

వరంగల్_పిల్ల:
ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల కాళ్లు రోజూ చూడండి, దయచేసి. మా నాన్న కాలి గోరు మూలలు లోతుగా కత్తిరించుకునేవారు. గోరు అంచు కండలోకి దిగి పుండైంది. స్పర్శ తగ్గడంతో ఆయనకు నొప్పే తెలియలేదు, సాక్సు మీద మరక చూసి నేనే కనిపెట్టాను. ఇప్పుడు ఆయన స్నానం అయ్యాక, గోళ్లు మెత్తగా ఉన్నప్పుడు, వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి నేనే తీస్తున్నా. తిన్నగా, మూలలు వదిలేసి.

కర్రీపాయింట్_అక్క:
ఆరు వారాలైంది. డాక్టరుకు చూపించుకున్నాను, తెనాలి చెల్లి చెప్పినట్టే గ్లౌజులు వాడుతున్నాను. వాపు లేదు. చర్మం ఇంకా పూర్తిగా అంటుకోలేదు కానీ, మొదట్లో ఉన్న అడ్డగీత గోరు మధ్య దాకా జరిగింది, దాని వెనక వస్తున్న గోరు నున్నగా ఉంది. గిన్నెలు తోమడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. ఆ పిల్లకీ రెండు జతల గ్లౌజులు కొన్నాను.