జింకల వేటకి స్కోపు: ఓపెన్ టరెట్టా, మూత ఉన్నదా?

కొత్త రైఫిల్: అందరికీ నమస్కారం. ఉండేది డాలస్‌లో. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేశాను, 6.5 క్రీడ్‌మూర్ తూటాల బోల్ట్ రైఫిల్ కొన్నాను, స్కోపు దగ్గరికొచ్చి ఆగిపోయాను. నవంబర్‌లో సీజన్ మొదలయ్యాక టెక్సస్‌లోనే లానో వైపు, ఫ్రెండ్ వాళ్లు వేటకి అద్దెకి తీసుకున్న భూమిలో (లీజు) వైట్‌టెయిల్ జింకల వేటకి వెళ్లాలని ప్లాన్. బ్లైండ్ (దాక్కుని కూర్చునే గూడు) నుంచి ఫీడర్‌కి (జింకలకి గింజలు వేసే డబ్బా) 120 గజాలు, ఎటు చూసినా 200 దాటదు. మిగతా ఏడాదంతా రేంజిలో 600 గజాల దాకా స్టీల్ ప్లేట్లు కొట్టాలని సరదా. స్కోపు మీద గురి సర్దుకునే నాబ్‌లు, అదే టరెట్లు, మూత లేని ఓపెన్‌వే తీసుకోమంటున్నాడు షాపులో అతను. లీజు ఓనరేమో వేటకి మూతలున్నవే మంచివంటాడు. ఇప్పట్లో ఒక్కటే కొనగలను. ఏది తీసుకోమంటారు?

600 గజాలు: తమ్ముడూ, ఓపెన్ తీసుకో, రెండో ఆలోచనే వద్దు. 143 గ్రెయిన్ల బరువు బుల్లెట్‌తో 200 గజాలకి జీరో చేశావనుకో (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సర్దావనుకో), 400 దగ్గర సుమారు 22 అంగుళాలు కింద పడుతుంది. పావు ఎంఓఏ (కోణం కొలత, 100 గజాల దగ్గర సుమారు అంగుళం) క్లిక్కులైతే 21 క్లిక్కులు తిప్పాలి. 600 దగ్గరకొచ్చేసరికి సుమారు 12 ఎంఓఏ. ప్రతి ప్లేటుకీ మూత విప్పి జేబులో వేసుకుని, తిప్పి, మళ్లీ బిగిస్తూ కూర్చుంటావా? మూతలున్న వాటిలో కొన్నింటికి కింద అంకెలు కనపడీ కనపడకుండా ఉంటాయి, కొన్నింటినైతే క్వార్టర్ బిళ్ళ పెట్టి తిప్పాలి. అమెరికా సైన్యం 1988లో తీసుకున్న ఎం24 స్నైపర్ రైఫిల్ స్కోపు చూడు, ఎలివేషన్ (గురిని పైకీ కిందికీ సర్దే) టరెట్ మీద నేరుగా మీటర్ల లెక్క అంకెలుంటాయి. తిప్పడానికే కదా పెట్టింది.

లానో లీజు: సైన్యం ఊసు మనకెందుకండీ. ఎం24 పట్టుకున్నవాడి పక్కన దూరం, గాలి చెప్పడానికి స్పాటర్ ఉంటాడు. మన పక్కన ఉండేది చిప్స్ నమిలే బావమరిది.

120 గజాల ఫీడర్ దగ్గర అసలు తిప్పే పనేముంది? 200కి జీరో చేస్తే 120 దగ్గర తూటా రెండంగుళాల లోపే పైకి తగులుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు కలిపి ఎనిమిదంగుళాల వెడల్పు అనుకుంటే, గురి మధ్యలో పెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. మూత ఎన్నాళ్లు బిగించి ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

ఓపెన్ వాటితో ఏమవుతుందో మా క్యాంపులోనే చూశాం. ఒకాయన రేంజిలో బాగా దూరం కొట్టి వచ్చి, టరెట్‌ని సున్నా దగ్గరికి తెచ్చి పెట్టాననుకున్నాడు. సున్నా మీదే ఉంది, కాకపోతే ఒక చుట్టు పైన. ఆ స్కోపుకి చుట్టుకి 15 ఎంఓఏ. అంటే 120 గజాల దగ్గర దాదాపు 19 అంగుళాలు. తూటా జింక వీపు మీద నుంచి పోయింది, అది తోకెత్తి పరుగు. అది నయం అంటాను నేను. సాఫ్ట్ కేసులోంచి లాగేటప్పుడు లోపలి గుడ్డకి రాసుకుని నాలుగైదు ఎంఓఏ తిరిగిందనుకోండి, తూటా ఐదారు అంగుళాలు పక్కకి పోతుంది. ఈసారి జింక తప్పించుకోదు, అలాగని పడిపోదు. పొట్టలో దెబ్బతో మెస్కీట్ పొదల్లోకి పోతుంది. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని రక్తపు చుక్కలు వెతకడం ఎలా ఉంటుందో వెతికినవాళ్లని అడగండి.

600 గజాలు: అది టరెట్ తప్పు కాదు, మనిషి తప్పు. జీరో స్టాప్ ఉన్నది కొనుక్కుంటే వెనక్కి తిప్పినప్పుడు సున్నా దగ్గర ఆగిపోతుంది. చుట్టు తేడా అనే గొడవే రాదు.

లానో లీజు: చుట్టు తేడా రాదు, ఒప్పుకుంటాను. కేసులో రాసుకుని పైకి తిరిగితే జీరో స్టాప్ ఏం చేస్తుంది? అది కిందికి పోకుండా ఆపుతుందంతే.

పది మీటర్లు: హైదరాబాద్ నుంచి. ఇక్కడ వన్యప్రాణి చట్టం కింద వేట మాట లేదు కాబట్టి జింకల సంగతి మీకే వదిలేస్తున్నా. ఎయిర్ రైఫిల్ పోటీల్లో స్కోపే పెట్టనివ్వరు. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టింది కూడా పీప్ సైట్‌తోనే (చిన్న కన్నంలోంచి చూసి గురిపెట్టేది). ఆ సైట్ నాబ్‌లకి మూతలుండవు. వెలుతురు మారిందంటే ఒక క్లిక్, నిలబడే తీరు కాస్త కదిలిందంటే ఇంకో క్లిక్, మూత పెడితే పనే సాగదు. కాకపోతే మా రైఫిల్ హార్డ్ కేసులోంచి టేబుల్ మీదికి, టేబుల్ మీంచి భుజానికి. మధ్యలో పొద లేదు, జీపు లేదు. రెండు షాట్ల మధ్య రైఫిల్ ఎక్కడెక్కడ తిరుగుతుందో చూసుకుని తేల్చుకోండి.

కొలరాడో కొండ: పది మీటర్లు గారి మాట నిజం. కానీ పైన ఇద్దరూ రెండు టరెట్లనీ ఒకే గాటన కట్టేశారు. ఎలివేషన్ వేరు, గురిని పక్కలకి సర్దే విండేజ్ వేరు.

దూరం రేంజిఫైండర్‌తో కొలిచాక దానికి ఒకటే లెక్క. జింక కదలనంతసేపూ ఆ లెక్క మారదు, కాబట్టి తిప్పుకోవడంలో అర్థముంది. గాలి అలా కాదు. గంటకి 10 మైళ్ల పక్కగాలికి 300 గజాల దగ్గర ఈ తూటా ఐదంగుళాలు జరుగుతుంది. నువ్వు ఆరు క్లిక్కులు తిప్పి కన్ను ఆనించేలోపు గాలి సగానికి పడిపోతుంది. మళ్లీ వెనక్కి తిప్పుతావా? గాలికి రెటికిల్‌లో (స్కోపులో కనపడే గురి గీతల్లో) పక్కకి పట్టుకోవడమే మేలు. కాబట్టి విండేజ్‌కి మూత ఉండాల్సిందే. అది ఓపెన్‌గా ఉండి సాధించేదేమీ లేదు, అందులోనూ పక్కకి పొడుచుకుని ఉండేది అదే, తలుపుకీ కొమ్మకీ ముందు తగిలేదీ అదే.

ఎలివేషన్ మాత్రం ఓపెన్, కానీ లాక్ ఉన్నది. ఈ కలయికతోనే ఇప్పుడు చాలా కంపెనీలు వేట స్కోపులు చేస్తున్నాయి. వోర్టెక్స్ రేజర్ ఎల్‌హెచ్‌టీ తీసుకో, ఎలివేషన్ టరెట్‌ని పైకి లాగితేనే తిరుగుతుంది, విండేజ్‌కి మూత. ల్యూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీలోనూ సున్నా నుంచి కదలాలంటే బటన్ నొక్కాలి.

600 గజాలు: అక్కా, విండేజ్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. రేంజిలో కూడా నేను గాలికి తిప్పను.

లానో లీజు: లాక్ సంగతి సరే అమ్మా. తుపాకీ పేలేలోపు ఆ లాక్ తీయడం, తిప్పడం, చూడటం… మూత, దానికి తోడు రెటికిల్‌లో గీతలు చాలు కదా? 300కి రెండో గీత, 400కి మూడో గీత.

కొలరాడో కొండ: ఆ గీతల్లో ఒక కిటుకుంది బాబాయ్. వేట స్కోపులు చాలావరకు సెకండ్ ఫోకల్ ప్లేన్. జూమ్ మార్చితే జింక పెద్దదవుతుంది, గీతలు అలాగే ఉంటాయి. మీ రెండో గీత 300కి సరిపోయేది మామూలుగా పూర్తి జూమ్ మీదే. బ్లైండ్‌లో జూమ్ ఆరు మీద పెట్టుకుని అదే గీతతో కొడితే తూటా ఎక్కడికో పైకి పోతుంది. టెన్షన్‌లో జూమ్ రింగు చూసేది ఎంతమంది?

అలాగని తిప్పే టరెట్ డయల్ కూడా దేవుడిచ్చిందేం కాదు. ల్యూపోల్డ్ వాళ్లు నీ తూటాకి, నువ్వుండే ఎత్తుకి లెక్కకట్టి గజాల అంకెలు చెక్కిస్తారు. టెక్సస్ లెక్కతో చెక్కించిన డయల్ తెచ్చి మా దగ్గర 9,000 అడుగుల ఎత్తులో ఎల్క్ (పెద్ద జింక) వేటకి వాడితే, గాలి పలచన కాబట్టి తూటా పైకి తగులుతుంది. 300 దాకా పట్టించుకోనక్కర్లేదు, 500 దగ్గర తేడా కనపడుతుంది.

కొత్త రైఫిల్: వాన సంగతేంటి? మూత లేకపోతే నీళ్లు లోపలికి పోవూ?

పది మీటర్లు: మంచి స్కోపుల్లో నీళ్లని ఆపేది టరెట్ లోపలి రబ్బరు ఓ-రింగులు, మూత కాదు. చవక రకాల్లో మూత అంచునే సీలుగా పెట్టిన వాటితోనే జాగ్రత్త. మూత తీసినా తడవొచ్చని మాన్యువల్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి.

లానో లీజు: ఓపెన్ కొన్నా సరే, ఒక పని మాత్రం చెయ్యి నాన్నా. జీరో అయ్యాక టరెట్ మీద నుంచి స్కోపు ఒంటి మీదికి గోళ్లరంగుతో సన్నగా ఒక గీత గియ్యి. మీ ఆవిడ దగ్గర తెలుపు ఉంటే మంచిది, బ్లైండ్ చీకట్లో కనపడుతుంది. తూటా ఎక్కించే ముందు ఆ గీత, దాని కిందున్న చుట్ల గుర్తులు చూసుకుంటే చాలు.

కొత్త రైఫిల్: ఎలివేషన్ లాక్, విండేజ్ మూత. అదే తీసుకుంటున్నాను. లీజు ఓనర్‌కి మూత ఒకటైనా చూపించొచ్చు. :)

600 గజాలు: వచ్చాక అది నిజంగా చెప్పినంత తిరుగుతుందో లేదో పరీక్షించు. 100 గజాల దగ్గర పొడవాటి కాగితం మీద లంబంగా గీత గీసి, కింద చుక్కకి ఒక గ్రూపు (వరసగా కొన్ని తూటాలు) కొట్టు. తర్వాత 30 ఎంఓఏ పైకి తిప్పి అదే చుక్కకి గురిపెట్టి ఇంకో గ్రూపు. రెండింటి మధ్య 31.4 అంగుళాలుండాలి, తూటాలు గీత వదిలి పక్కకి పోకూడదు. పక్కకి పోతున్నాయంటే స్కోపు వంకరగా బిగించావన్నమాట.

కొత్త రైఫిల్: అంత పొడుగు కాగితం ఎక్కడ దొరుకుతుంది అన్నా?

600 గజాలు: గిఫ్టులు చుట్టే కాగితం రోల్, వెనక వైపు. చాలావాటికి అంగుళాల గళ్లు కూడా ముద్రించి ఉంటాయి.