బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు: పాప తికమక పడుతోంది, ఆపేయాలా?

పర్లాకిమిడి అమ్మ:
మా పాప రెండో తరగతి. ఒడియా ఠ అచ్చం మన సున్నలాగే ఉంటుంది కదా, తెలుగు పుస్తకంలో సున్న కనబడితే ఠ అనేస్తోంది. మా అత్తగారు తెలుగు ఆపేయమంటున్నారు, నాకేమో టెన్షన్.

రాయగడ టీచర్:
ఆపకండమ్మా. మాట్లాడటం వింటూ వచ్చేస్తుంది గానీ చదవడానికి మెదడులో పుట్టుకతో వచ్చిన చోటంటూ లేదు, మొహాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతంలోనే ఎడమవైపు కొంత భాగం మెల్లగా అక్షరాలకు అలవాటు పడుతుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహాన్ చెప్పేది ఇదే. ఏ లిపి నేర్చినా దాదాపు ఆ చోటే పనిచేస్తుంది. పైగా మనకు గుణింతాలు, వత్తులు కలిపితే వందల రూపాలు! కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన కూడా ఇలాంటి లిపులు పట్టుబడటానికి ఇంగ్లీషు అక్షరాలకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుందనే చెప్పింది. రెండో తరగతికే అన్నీ రావాలనుకోవడం పిల్లకు అన్యాయం.

గుణుపూర్ నాన్న:
మా వాడికి ఏత్వంతో వచ్చింది తంటా. ఒడియాలో అది హల్లుకి ఎడమపక్కన, మనకు నెత్తిన. రెండూ పక్కపక్కనే రాసి చూపిస్తే పట్టేశాడు.

పర్లాకిమిడి అమ్మ:
థాంక్సండీ. ఇంట్లో ఏం చేయించమంటారు?

రాయగడ టీచర్:
పుస్తకం లేకుండా శబ్దాలతో ఆడించండి. ‘కమల’లో మధ్య అక్షరం తీసేస్తే ఏం మిగులుతుందని అడగండి, ‘కల’ అని తనే చెప్పాలి. రోజూ కాసేపు చాలు.