‘పర్లెరెస్తి’ని ఎక్కడ విరవాలి: రె-స్తి అనా, రెస్-తి అనా?

నేర్చుకుంటున్న అమ్మాయి: ఇటాలియన్‌లో ‘పర్లారె’ అంటే మాట్లాడటం. దాని కండిషనల్ రూపం (‘అలా అయితే నువ్వు మాట్లాడేదానివి’ అనే అర్థంలో వచ్చేది) ‘పర్లెరెస్తి’ని మా పుస్తకం పర్-లె-రె-స్తి అని విరిచింది. ‘అతను, ఆమె’లకు వచ్చే ‘పర్-లె-రెబ్-బె’లో మాత్రం జంట హల్లును మధ్యకు కోసింది. వింటే నాకు రెస్-తి అనే అనిపిస్తోంది. ఏది రైటు?

అనువాదకుడు: పుస్తకమే రైటు. సకారం తర్వాత ఇంకో హల్లు వస్తే రెండూ తర్వాతి అచ్చుతోనే వెళ్తాయి. లైను చివర రెస్-తి అని విరిస్తే తప్పు.

ఛందస్సు అభిమాని: అది రాతకు పెట్టుకున్న రూల్ అండీ. ఆమె అడిగింది చెవికి వినిపించేదాని గురించి. ఇటాలియన్‌లో ఊనిక (నొక్కి పలకడం) పడిన ఉపాంత్యాక్షరం (చివరి నుంచి రెండోది) అచ్చుతో ముగిస్తే ఆ అచ్చు సాగుతుంది. ‘మాట్లాడతాం’ అనే భవిష్యత్తు రూపం పర్-లె-రే-మొ. కండిషనల్‌లో మకారం జంటయ్యేసరికి పర్-లె-రెమ్-మొ, ‘రె’ పొట్టిదైపోయింది. మరి రె-స్తి నిజమైతే ‘రేస్తి’ అని సాగాలి కదా? సాగదు. సకారం వెనక్కి వచ్చి ‘రె’ని మూసేస్తోంది. మన ఛందస్సులోనూ అంతే: రాతలో ‘స్తి’ ఒకే అక్షరం, గణం కట్టేటప్పుడు ముందున్న ‘రె’ గురువు. ఇంకో సాక్ష్యం: రైలుకు ‘ఇల్ త్రేనొ’ అంటారు, విద్యార్థికి ‘లొ స్తుదెంతె’. ‘ఇల్’, ‘లొ’ రెండూ ఇంగ్లిష్ ‘ద’ (the) లాంటివే, కానీ ‘స్తు’ ముందు అచ్చుతో ముగిసే ‘లొ’నే వచ్చింది. ఆ సకారం ఆనుకోవడానికి ముందు ఒక అచ్చు కావాలి.

అనువాదకుడు: అచ్చు సాగదన్నది ఒప్పుకుంటాను. కానీ మాట పుట్టుక? ఇన్ఫినిటివ్‌కు (‘పర్లారె’ లాంటి మూల క్రియారూపానికి) లాటిన్ ‘హబేరె’ (కలిగి ఉండు) భూతకాల రూపం అతుక్కుని కండిషనల్ వచ్చింది. ‘ఎస్తి’ మొత్తం ఒక ప్రత్యయం, దాన్ని మధ్యకు ఎలా కోస్తాం?

ఛందస్సు అభిమాని: పుట్టుకను బట్టి అయితే పర్లెర్-ఎస్తి అనాలి. అలా ఏ పుస్తకమూ విరవదు. ‘ఎబ్బె’ కూడా ప్రత్యయమే, దాన్ని రెబ్-బె అని కోయడానికి మీకే అభ్యంతరం లేదు. ‘వొలేరె’ (కోరుకోవడం) నుంచి వచ్చిన కండిషనల్ ‘వొర్రెయ్’ చూడండి. మధ్య అచ్చు రాలిపోయి, లకారం రేఫగా మారింది. వొర్-రెయ్ అని పలుకుతుంటే ధాతువు ఎక్కడ ఆగిందో ఎవరికి తెలుస్తుంది? మాట కట్టుబడి వేరు, అక్షర విభజన వేరు.

నేర్చుకుంటున్న అమ్మాయి: అయితే రాతలో రె-స్తి రాస్తాను, పలికేటప్పుడు ‘రె’ని సాగదీయను. మరి ‘వాళ్లు’కు వచ్చే పర్లెరెబ్బెరొలో ఊనిక ఎక్కడ?

ఛందస్సు అభిమాని: ‘రెబ్’ మీదేనమ్మా. చివర ‘రొ’ చేరినా అది అక్కడి నుంచి కదలదు.