అప్‌డేట్: ఒకే లెవెల్, 6 లక్షల తేడా ఎక్కడిది?

గచ్చిబౌలి ఆఫీసులో ఒకే లెవెల్ ఇంజినీర్లం. నా సీటీసీ (కంపెనీ ఏడాదికి నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 24 లక్షలు, కొత్తగా చేరినాయనది 30 లక్షలు, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరన్నట్టే ఇద్దరం ఆఫర్ లెటర్లు విడగొట్టి చూశాం. ఆయనకు అదనంగా ఉన్న జాయినింగ్ బోనస్ 2 లక్షలు, మొదటి ఏడాదికే. నాలుగేళ్లలో చేతికొచ్చే 8 లక్షల షేర్లలో ఏడాది వాటా 2 లక్షలు, అదీ షేరు ధరను బట్టి. ఫిక్స్‌డ్ జీతంలో తేడా మిగతా 2 లక్షలే.

కానీ అసలు దెబ్బ అక్కడే. హైక్ శాతం పాత ఫిక్స్‌డ్ మీదే పడుతుంది. ఇద్దరికీ 10% ఇచ్చినా తేడా ఇంకో 20 వేలు పెరుగుతుంది. అందుకే హైక్ కాదు, జీతం బ్యాండ్‌లో (మా లెవెల్‌కి కంపెనీ పెట్టుకున్న కనిష్ఠ, గరిష్ఠ జీతాల మధ్య) నా స్థానం ఎంతో అడుగుతూ, రేటింగులు ఖరారు కాకముందే మార్కెట్ కరెక్షన్ (బయటి జీతాలకు తగ్గట్టు నా జీతం సవరించడం) కోసం మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. అందులో కొత్తగా చేరినాయన పేరుగానీ జీతంగానీ ఎత్తలేదు.

పోల్చేవాళ్లు సీటీసీలో కలిపే కంపెనీ పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ తీసేశాకే లెక్కేయండి.